చెట్టు చాటు మనిషి

బస్టాండు పక్క సందులో, తాళాలు బాగుచేసే కొట్టుకీ సైకిళ్ళ కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఒక ఫోటో స్టూడియో ఉండేది. నిజంగానే ఇరుక్కుని. లోపల ఎవరినైనా నిలువెత్తున తీయాలంటే ఫోటోగ్రాఫరు వీపు గోడకి ఆనించి, పొట్ట లోపలికి లాక్కోవాలి. పొట్ట పెరిగాక ఆయన నిలువెత్తు ఫోటోలు తీయడం మానేశాడు. నడుం దాకా చాలన్నాడు. ఎవరైనా గొణిగితే, "కాళ్ళు అందరివీ ఒకటేనండీ, మొహం కదా ముఖ్యం" అని నోరు మూయించేవాడు. ఆ మాట చివరికి ఆయనకే వచ్చి తగిలింది.

ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఊళ్ళో మిగల్లేదు. అందరికీ ఆయన చెట్లాయన. స్టూడియో ఆదాయం టీ నీళ్ళకి సరిపోయేది, అసలు బతుకుతెరువు మాత్రం రోడ్ల ఆఫీసు పని. రోడ్డు వెడల్పు చేయాలంటే పక్కనున్న చెట్లు కొట్టాలి. కొట్టేముందు ప్రతి చెట్టుకీ ఫోటో తీయాలి. ఎప్పుడో ఎవరో ఉన్న చెట్లు లేవనీ, లేని చెట్లు కొట్టామనీ రాసి కాగితాల మీద అడవులు పెంచేసరికి, పైవాళ్ళకి ఒళ్ళు మండి ఈ నిబంధన పెట్టారు. ఫోటో లేని చెట్టు మీద గొడ్డలి పడకూడదు.

పెట్టినవాళ్ళు ఊరికే పెట్టలేదు, తీరుబడిగా కూర్చుని పెట్టారు. చెట్టు మొదలు నుంచి చిటారు కొమ్మ దాకా ఫోటోలో పట్టాలి. కాండం మీద సున్నంతో వేసిన నంబరు కనిపించాలి. పక్కనే ఎరుపూ తెలుపూ పట్టీలు వేసిన మూడు మీటర్ల కొలకర్ర నిటారుగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఫోటోలో మనుషులు ఉండకూడదు. మనిషి పడితే అది చెట్టు ఫోటో కాదు, మనిషి ఫోటో అయిపోతుందట. ఫోటో వెనక రబ్బరు ముద్ర వేసి ఖాళీలు నింపాలి: రోడ్డు, చెట్టు నంబరు, జాతి, ఎత్తు, మనుషులు. ఆ చివరిదాని ఎదురుగా ఎప్పుడూ ఒకటే మాట రాయాలి. లేరు.

పందొమ్మిదేళ్ళలో ఆయన పదకొండు వేల చిల్లర చెట్లు తీశాడు. పదకొండు వేల చిల్లర సార్లు "లేరు" అని రాశాడు. పచ్చి అబద్ధం. ప్రతి ఫోటోలోనూ ఒక మనిషి ఉంది, చెట్టు వెనకాల.

కొలకర్ర దానంతటది నిలబడదు కదా. రోడ్డు పక్క నేల రాయిలా ఉంటుంది, గుచ్చితే దిగదు. ఒక లారీ పోతే చాలు, ఆ గాలికే పడిపోతుంది. మొదట్లో తాడుతో కాండానికి కట్టి చూశాడు. తాడు సరిగ్గా నంబరు మీదకి వచ్చింది. చుట్టూ రాళ్ళు పేర్చి చూశాడు. కర్ర వాలి కెమెరా మీదకే వచ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో ఆయన గొణుక్కుంటూ తిరుగుతుంటే, భార్య కుట్టుమిషను తొక్కుతూనే, తలెత్తకుండా, "నేనొచ్చి పట్టుకుంటాలెండి. కర్ర పట్టుకోడానికి పెద్ద చదువులు చదవాలా ఏంటి?" అంది.

ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ముందు గదిలో కిటికీ కింద మిషను, దాని పక్కన నీలం బట్టల గుట్ట, గుట్ట మీద పిల్లల కొలతలు రాసిన చీటీలు. పిల్లలు ఏడాదికేడాది ఎదుగుతారు కాబట్టి గౌను అంచు లోపలికి రెండున్నర అంగుళాలు మడిచి కుట్టేది, తల్లులు తర్వాత విప్పుకోడానికి. పొద్దున్నే నాలుగు గౌన్లు పూర్తిచేసి, మెడలో వేలాడే టేపు తీయడం కూడా మర్చిపోయి, మోపెడ్ వెనక కొలకర్ర నిలువునా పట్టుకుని కూర్చునేది. దూరం నుంచి చూసేవాళ్ళకి రైలు గేటు ఒకటి లేచి రోడ్డు మీద పోతున్నట్టుండేది.

మొదటి కట్టలోనే ఒక ఫోటో వెనక్కి వచ్చింది. ఇంజనీరు ఎర్రసిరాతో రాశాడు: "కర్ర మీద రెండు వేళ్ళు కనబడుచున్నవి. చెట్టు వివరములలో వేళ్ళు లేవు. మరల తీయవలెను." భార్య అది చదివి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయనకి మాత్రం తల కొట్టేసినట్టయింది. పనిలో వంక పెట్టించుకోవడం ఆయన ఒంటికి పడేది కాదు. ఇక తన ఫోటో ఒక్కటి కూడా వెనక్కి రాకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఒక్కటీ రాలేదు కూడా. ఎలా రాలేదన్నది ముందు ముందు తెలుస్తుంది.

ఆవిడ కూడా దాక్కోవడంలో ఆరితేరింది. కాండం లావుగా ఉంటే వెనక నిలబడి, చెయ్యి చుట్టూ తిప్పి, కర్రని వెనకవైపు నుంచి వేళ్ళ కొసలతో పట్టుకునేది. కాస్త సన్న చెట్టయితే పక్కకి తిరిగి, జడ ముందుకి లాక్కుని, ఊపిరి బిగబట్టేది. మరీ బక్కదయితే వెనకున్న కాలవలో బోర్లా పడుకుని, కర్రకి కట్టిన నల్లదారం పట్టుకునేది. ఆయన ఇవతల, మూడుకాళ్ళ స్టాండు మీదున్న కెమెరాలోకి తల వంచి కేకేసేవాడు.

"కొంచెం ఎడమకి!"

"మీ ఎడమా, నా ఎడమా?"

"నా ఎడమ!"

"మీ ఎడమంటే నా కుడేగా! కుడి అని చెప్పి చావచ్చుగా!"

ప్రతి చెట్టు దగ్గరా ఇదే వరస. చెట్టు తిడుతోందనుకుని ఒకసారి సైకిలు మీద పోతున్న పాలాయన క్యాను పారేసి పరుగు తీశాడు. ఆ మొగుడూ పెళ్ళాలు కాపరంలో మాట్లాడుకున్న మాటల్లో సగం పైగా ఇలాగే మాట్లాడుకున్నారు, మధ్యలో ఒక చెట్టుని పెట్టుకుని.

పని మొదలెట్టిన ఆరో ఏడు, రాళ్ళ క్వారీకి పోయే రోడ్డు మీద మూడువేల రెండువందల ఎనిమిదో నంబరు చెట్టు దగ్గర ఒక సంగతి జరిగింది. అది మామిడి. ఎండ దంచేస్తోంది. ఎండ బాగా ఉంటే ఆయన కెమెరా కంటిని సూదిబెజ్జమంత చేసి పెట్టుకునేవాడు. అలా చేస్తే దగ్గరున్నదీ దూరమున్నదీ ఒకేలా స్పష్టంగా పడతాయి. అంతా సిద్ధమయ్యాక లారీలు వరసగా వచ్చాయి.

"ఏమండీ, త్వరగా కానివ్వండి!"

"ఉండు, దుమ్ము తగ్గనీ."

"నన్ను ఎర్రచీమలు పీక్కుతింటున్నాయి ఇక్కడ!"

"ఒక్క నిమిషం కదలకు, అయిపోతుంది."

అవలేదు. ఆయన వేలు మీట మీద పడుతుండగానే ఆవిడ కర్ర వదిలేసి, ఒక చేత్తో మెడ చరుచుకుంటూ, ఆయన్నీ చీమల్నీ కలిపి తిడుతూ, ఆ తిట్లు తనకే నవ్వొచ్చి పగలబడి నవ్వుతూ, కెమెరా దాకా పరుగెత్తుకొచ్చేసింది. టక్కుమని చప్పుడైంది. వెనక కర్ర ఇంకా గాల్లోనే ఉంది.

"ఫోటో పడిందా?" అంది మెడ రుద్దుకుంటూ.

"పడింది. పడి చెడిపోయింది. ఒక ఫిల్ము దండగ."

"అయ్యో పాపం! ఫిల్ముని ఎన్ని చీమలు కుట్టాయి?"

మళ్ళీ తీశాడు. ఆ సాయంత్రం ఫిల్ము కడిగి, ఆరబెట్టి, చెడిపోయిన ముక్కని కత్తెరతో కత్తిరించి చెత్తబుట్టలో పడేశాడు. మంచి ముక్కని కాగితం మీద అచ్చువేసి, వెనక ముద్ర వేసి, మనుషులు లేరని రాసి ఆఫీసుకి పంపాడు. వారం తిరక్కుండా ఆ చెట్టు పోయింది.

ఫోటోగ్రాఫరు పెళ్ళానికి ఒక్క ఫోటో లేదంటే ఎవరూ నమ్మరు. అయినా లేదు. పెళ్ళి ఫోటో ఆయన గురువు తీశాడు. సరిగ్గా ఆ క్షణానికి ఎవరో పిలిస్తే పెళ్ళికూతురు తల తిప్పింది. ఆ ఫోటోలో పెళ్ళికొడుకు పక్కన మంచు ముద్దలాంటిది ఏదో నిలబడి ఉంటుంది. ప్రభుత్వం వాళ్ళిచ్చిన గుర్తింపు కార్డు మీద గోరంత ఫోటో ఒకటుంది గానీ, దాని మీద గుమస్తా కొట్టిన ముద్ర కళ్ళనీ ముక్కునీ మింగేసి గడ్డం మాత్రం వదిలిపెట్టింది. ఇక స్టూడియోలో అంటారా, ఫిల్ముకి పన్నెండు ఫోటోలొస్తాయి. "పన్నెండోది నీకే" అనేవాడాయన. పన్నెండోది మిగిలేసరికి ఎవరో ఒకరు పరీక్ష ఫారానికి ఫోటో కావాలని రొప్పుతూ దిగేవారు. ఆవిడా పట్టుబట్టలేదు. "నా మొహం ఎక్కడికి పోతుందిలెండి, ఇక్కడే ఉంటుందిగా" అనేది.

నలభై తొమ్మిదో ఏట, నాలుగు రోజుల జ్వరంతో ఆవిడ పోయింది. అప్పటికి తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు. ఆ విషయంలో ఆవిడకి కొంచెం గర్వం కూడా ఉండేది. ఆయన ఏడ్చాడు. కావలసిన మనిషి పోతే ఎవరైనా ఏడుస్తారు, అందులో కొత్తగా చెప్పేదేం లేదు. ఆ తర్వాత స్టూడియో తెరిచాడు, వచ్చినవాళ్ళకి నడుం దాకా ఫోటోలు తీశాడు. రోడ్ల ఆఫీసు పని మాత్రం మానేస్తున్నానని కబురు పంపాడు. కర్ర పట్టుకునేవాళ్ళు కావాలంటే దొరుకుతారు. ఆయనకి మరొకరితో ఎడమా కుడీ అని అరుచుకునే ఓపిక లేదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పక్క ఊరి ఆసుపత్రిలో నర్సు. అప్పటికి ఆరో నెల. తల్లి పోయిన మూడు వారాలకి వచ్చి, తండ్రికి కాఫీ కలిపిచ్చి, ఎదురుగా కూర్చుని మామూలుగానే అడిగింది.

"నాన్నా, అమ్మ ఫోటో ఒకటి పెద్దది చేసివ్వు. పుట్టేవాళ్ళకి అమ్మమ్మని చూపించాలిగా."

"ఇస్తానమ్మా, దానిదేముంది" అన్నాడు. ఆ మాట అనేశాక గానీ, ఏ ఫోటో అన్నది ఆయనకి తట్టలేదు.

రెండు రోజులు స్టూడియో తలకిందులు చేశాడు. ఊళ్ళో సగం మంది మొహాలు బయటపడ్డాయి, పోయినవాళ్ళవీ ఉన్నవాళ్ళవీ. తాళాలు బాగుచేసేవాడి పెంపుడు చిలక కూడా బయటపడింది, రెండు భంగిమల్లో. ఆవిడ మాత్రం లేదు. పాత ఫిల్ములా? వానాకాలం చెమ్మకి అతుక్కుపోతున్నాయని, ఫిల్ముల్లోంచి వెండి తీసేవాడికి ఏడాదికోసారి బస్తాలకెత్తి ఇచ్చేసేవాడు. మూడో రోజు కూతురికి ఉన్నమాట చెప్పేశాడు.

కూతురు కాఫీ గ్లాసులు కడిగి బోర్లించింది. చివరికి, "ఈ చుట్టుపక్కల ప్రతి చెట్టుకీ ఫోటో ఉంది. మా అమ్మకి లేదు" అంది. గొంతు పెంచలేదు. పెంచి నాలుగు దులిపేసి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి.

ఆయన కూతురికి చెప్పనిది ఇంకొకటుంది. కళ్ళు మూసుకుంటే భార్య గొంతు వినిపిస్తోంది, నిన్నమొన్న విన్నంత స్పష్టంగా. మొహం మాత్రం రావడం లేదు. ముక్కు గుర్తొస్తే కళ్ళు జారిపోతున్నాయి, కళ్ళు పట్టుకుంటే నోరు మారిపోతోంది. పందొమ్మిదేళ్ళు ఆవిడని పగలంతా విన్నాడు, చూసింది తక్కువ. ఇంకో ఆరు నెలలు పోతే ఉన్న ఆ కాస్త కూడా చెరిగిపోతుందని భయం పట్టుకుంది. బిడ్డకి చూపించడం తర్వాతి మాట, ముందు తనకే కావాలి.

అప్పుడు రోడ్ల ఆఫీసు గుర్తొచ్చింది. పదకొండు వేల ఫోటోలు అక్కడే ఉన్నాయి. అన్నిటి వెనకా నిలబడ్డ మనిషి ఏదో ఒకదాంట్లో తొంగి చూడకుండా ఉంటుందా?

రికార్డుల గది ఆఫీసు వెనక, మెట్ల కింద ఉండేది. ఆ గది గుమస్తా ముక్కుకి రుమాలు కట్టుకుని, నిలువెల్లా దుమ్ము కొట్టుకుపోయిన మనిషి.

"ఏం గురూగారూ, కొట్టేసిన చెట్లని మళ్ళీ నాటడానికొచ్చారా?" అన్నాడు నవ్వుతూ.

"మా ఆవిడ ఫోటో ఏమన్నా ఉందేమోనని."

గుమస్తా నవ్వు ఆపేశాడు. "ఇక్కడ చెట్లే గదండీ ఉండేది" అని, కిటికీ పక్క బల్ల తుడిచి, కుర్చీ వేసి, మొదటి పెట్టె తెచ్చి పెట్టాడు. ఆపైన రోజూ అడక్కుండానే తెచ్చిపెట్టేవాడు.

తొమ్మిది రోజులు కూర్చున్నాడాయన, భూతద్దం పట్టుకుని. వేపలు, చింతలు, తుమ్మలు, నిద్రగన్నేళ్ళు. ఒక్కో చెట్టూ చూస్తుంటే ఆ రోజు ఎండ ఎలా ఉందో, ఎక్కడ టీ తాగారో గుర్తొస్తోంది. ఆవిడ మాత్రం ఎక్కడా లేదు. కర్ర నిటారుగా నిలబడి ఉంటుంది, ఎవరూ పట్టుకోనట్టు. ఇంత శుభ్రంగా ఎలా దాక్కుందా అని మొదట మెచ్చుకున్నాడు.

నాలుగో రోజున ఒక తుమ్మచెట్టు కాండం అంచున బెరడు కొంచెం తేడాగా కనిపించింది. బెరడు గీతలన్నీ నిలువుగా ఉంటే అక్కడ మాత్రం వంపు తిరిగి ఉన్నాయి. భూతద్దం దగ్గరకి జరిపాడు. అవి చెట్టువి కావు, తనవే. సన్న బ్రష్షుతో, పలచటి నల్లసిరాతో తను వేసిన గీతలు.

అప్పుడు గుర్తొచ్చింది, ఫోటో ఒక్కటి కూడా ఎందుకు వెనక్కి రాలేదో. ఆవిడ ఎంత దాక్కున్నా పదిలో ఒకదాంట్లో మోచెయ్యో, చెప్పు కాలో, ఎగిరిన జడ కొసో పడేది. పడినచోటల్లా ఆయన స్టూడియోలో కూర్చుని, నాలిక కొసతో బ్రష్షు తడిపి, మోచేతిని కొమ్మ చేసేవాడు, కాలిని వేరు చేసేవాడు. ఆ పనితనం ఇంజనీరుకి కాదు కదా, మరో ఫోటోగ్రాఫరుకి కూడా అంతుపట్టేది కాదు. అలాంటివి ఎంచుకుంటూ పోతే వందలు తేలాయి. తొమ్మిదో రోజున ఒక వేపచెట్టు దొరికింది. దాని కాండం పక్కన, మనిషి తల ఎత్తులో, పెద్ద బుడిపె ఉంది. వేపకి అక్కడ బుడిపె ఉండదు. ఆ రోజు ఆవిడ లారీ వెళ్ళిందా లేదా అని తల బయటపెట్టి చూసింది. ఇంటికొచ్చి ఆ తల మీద ఆయన బుడిపె వేశాడు.

జేబురుమాలు తడిపి మెల్లగా రుద్దాడు. సిరా పోలేదు. ఇంకాస్త గట్టిగా రుద్దాడు. సిరాతో పాటు కాగితం పైపొర కూడా లేచి, కింద తెల్లగా పీచు తేలింది. ఇక రుద్దలేదు. సిగ్గేసింది ఆయనకి, ఎవరో బజార్లో నిలబెట్టి కడిగేసినంత సిగ్గు.

సాయంత్రం తాళం వేయడానికి వచ్చిన గుమస్తా, "దొరికిందాండీ?" అని అడిగాడు.

"లేదు. బాగా చెరిపాను" అన్నాడు చెట్లాయన.

ఇంటికొచ్చేసరికి మిషను చప్పుడు వినిపించింది. చెప్పులు విడవకుండానే గుమ్మం దాటాడు. కూతురు. బళ్ళు తెరవడానికి మూడు రోజులే ఉంది. తల్లి సగంలో వదిలేసిన యూనిఫారాలకి బడిపిల్లల తల్లులు గుమ్మం చుట్టూ తిరుగుతున్నారు. వాళ్ళని పొమ్మనలేక ఆ అమ్మాయి సెలవు పెట్టి వచ్చి, పొట్ట అడ్డమొస్తున్నా మిషను ముందు కూర్చుంది. ఆయన వచ్చి మూల కుర్చీలో కూలబడ్డాడు. ఏమైందని ఆమె అడగలేదు, మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

"నాన్నా, ఆ సొరుగులో అమ్మ నల్లముక్క ఉందేమో చూడు."

"ఏం ముక్క?"

"అదే, మడత కొలుచుకునేది. సరిగ్గా రెండున్నర అంగుళాలుంటుంది. అది లేకపోతే ప్రతిదానికీ టేపు పెట్టి చావాలి."

ఆయన సొరుగు లాగాడు. దారపుండలు, గుండీల డబ్బా, అరిగిపోయిన సుద్ద, విరిగిన సూదులు గుచ్చిన స్పాంజి. వాటి కింద చదరంగా ఒక నల్లటి ముక్క. తీసి కూతురి చేతికిచ్చాడు. ఆ ముక్కని ఆయన వేలసార్లు చూశాడు. భోజనం చేస్తూ చూశాడు, పేపరు చదువుతూ చూశాడు. ఆవిడ దాన్ని బట్ట అంచున ఆనించి, సుద్దతో టక్కున గీత గీసి, జరిపి, మళ్ళీ గీసేది. పదమూడేళ్ళుగా అది ఆయన కళ్ళ ముందే ఆడింది.

కూతురు దాని మీది సుద్దపొడి ఊదడానికి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. వెలుతురు దాని గుండా వచ్చింది. ఆయనకి ఆ మూల నుంచే, తెల్లగా ఉండాల్సిన చోట నల్లగా, నాలుగు అంకెలు కనిపించాయి.

"అది ఇలా ఇవ్వు."

"ఉండు నాన్నా, ఈ ఒక్క మడత..."

"ఇలా ఇవ్వమంటుంటే!"

పుట్టి బుద్ధెరిగాక తండ్రి తన మీద అలా అరవడం ఆ పిల్ల ఎరగదు. నోరు తెరుచుకుని ఇచ్చేసింది.

కిటికీ దగ్గర నిలబడి పట్టుకున్నాడు. అంకెలు తిరగబడి ఉన్నాయి. ముక్కని తిప్పాడు. మూడువేల రెండువందల ఎనిమిది. మామిడి కాండం, దాని పక్కన సగం వాలి గాల్లో ఆగిపోయిన కర్ర. అన్నిటికన్నా ముందు, నడుం దాకా, మెడ మీద చెయ్యి వేసుకుని, నోరంతా తెరిచి నవ్వుతూ ఒక మనిషి. ఫిల్ములో నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. ఆవిడ జుట్టంతా తెల్లగా ఉంది. నలభై తొమ్మిదేళ్ళకే వెళ్ళిపోయిన మనిషి, ఆయనతో పాటు ముసలిది కావలసిన మనిషి, పండు జుట్టుతో ఆయన వైపు పరుగెత్తుకొస్తోంది.

"ఏంటి నాన్నా?" అంది కూతురు, లేవలేక లేస్తూ.

ఆయన ఆమె పక్కకి జరిగాడు. ముక్క ఆమె కళ్ళ ముందు పెట్టాడు. ఆమె చూసింది, కాసేపటికి గుర్తుపట్టింది, అక్కడే కిటికీ గూట్లో తల ఆనించి ఏడ్చింది. తల్లి ఆ ముక్కని చెత్తబుట్టలోంచి ఎందుకు తీసి దాచుకుందో ఎవరికీ తెలియదు. కొలత సరిగ్గా కుదిరిందని తీసిందో, అందులో తనున్నానని తీసిందో అడగడానికి ఇప్పుడు మనిషి లేదు.

మర్నాడు పొద్దున్నే స్టూడియో తలుపులు మూసి, చీకటిగదిలో ఎర్రదీపం వెలిగించి, ముక్కని ఫోటో పెద్దదిచేసే యంత్రంలో పెట్టి కింద బల్ల మీదకి వెలుగు వదిలాడు. బొమ్మ ఒక పక్కకి పడింది. కాగితం చట్రం జరుపుతూ, అలవాటు కొద్దీ, "కొంచెం ఎడమకి" అన్నాడు పైకే. అని ఆగాడు. ఎవరి ఎడమా అని ఎవరూ అడగలేదు. కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. చట్రం తనే జరుపుకున్నాడు.

మందునీళ్ళ పళ్ళెంలో కాగితం వేసి ఊపుతుంటే ముందు జుట్టు వచ్చింది, నల్లగా. తర్వాత కనుబొమలు, తర్వాత నోరు. అప్పుడు మొహం మొత్తం వచ్చేసింది, ఒక్కసారిగా. అవును, ఇదే, ముక్కు ఇలాగే ఉండేది, కుడివైపు పన్ను కొంచెం ముందుకుండేది. ఇది ఎలా మర్చిపోయానని తనని తనే తిట్టుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయనకే తెలియలేదు.

ఆరాక వెలుగులో చూస్తే ఫోటో నిండా గీతలు. పదమూడేళ్ళు బట్ట మీద రాపిడి పడ్డ ముక్క, సూది మొనలూ సుద్దా గీకిన ముక్క. ఒక గీత సరిగ్గా చెంప మీదుగా పోయింది. ఆయన చెయ్యి దానంతటదే బ్రష్షు అందుకుంది, నాలిక కొసతో తడిపింది, సిరాలో ముంచబోయింది. అక్కడ ఆగింది. బ్రష్షు కడిగి, గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి మూత బిగించేశాడు.

సాయంత్రం కూతురు ఫోటోని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎందుకంత నవ్వుతోంది?"

"చీమలు కుట్టాయి."

"ఈ గీతలేంటి? నువ్వు ఎవరి ఫోటోకైనా చెరిపేసి ఇస్తావుగా."

"చెరిపింది చాలు. అవి మీ అమ్మ గీసుకున్నవి, ఉండనీ."

కూతురు ఫోటో తిప్పి చూసింది. వెనక రోడ్ల ఆఫీసు ముద్ర ఉంది. అలవాటు ఎక్కడికి పోతుంది, ఆయన ముద్ర వేసి ఖాళీలన్నీ గుండ్రటి అక్షరాలతో నింపాడు. రోడ్డు: క్వారీ రోడ్డు. చెట్టు నంబరు: 3208. జాతి: మామిడి. ఎత్తు: కర్ర పడిపోయినందువల్ల తెలియదు. దాని కింద, మనుషులు అన్న మాట ఎదురుగా, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు రాశాడు: ఒకరు.